అమెరికా డెంటల్ చదువుకు సలహా: హిమాయత్‌నగర్ కేంద్రంపై నా అభిప్రాయం

మా అమ్మాయి అమెరికాలో డిగ్రీ చేసి, అక్కడే దంతవైద్యం చదవాలనుకుంటోంది. బైపీసీ, నీట్, ఐదేళ్ల బీడీఎస్ దారి ఒక్కటే తెలిసిన నాకు ఈ కేంద్రంలోని మేడమ్ అక్కడి పద్ధతి ఓపికగా విడమరిచి చెప్పారు. తెల్లకాగితం మీద గళ్లు గీసి నాలుగేళ్ల డిగ్రీ చదువును సర్దారు: మొదటి ఏడు బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, రెండో ఏడు ఆర్గానిక్ కెమిస్ట్రీ, తర్వాత ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ. డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు ఏదైనా ఫరవాలేదట, ఈ కోర్సుల్లో మార్కులు మాత్రం తగ్గకూడదు. ఒక్కో కాలేజీ నిబంధనలు ఒక్కోలా ఉంటాయి కనుక విడిగా చూసుకోవాలన్నారు.

"ఆర్గానిక్ పూర్తి కాకుండా డెంటల్ అడ్మిషన్ టెస్ట్ రాయకమ్మా, 30 ప్రశ్నలు దాని మీదే" అని గట్టిగా చెప్పారు. ఆ పరీక్షలో ఆకారాలను ఊహించే విభాగానికే 90 ప్రశ్నలు. కాగితం మడిచి, చిల్లు పొడిచి, విప్పకముందే చిల్లులు ఎక్కడెక్కడ పడతాయో అమ్మాయి చేత చెప్పించారు. నాకు బాగా నచ్చింది అదే.

ఫీజు మొత్తం ఒకేసారి కట్టమనడం అన్యాయం. విడతలుగా తీసుకోవాలి. సాయంత్రాలు రద్దీ ఎక్కువ, ఉదయమే వెళ్లండి.