పిల్లలు, పెద్దవాళ్లతో డిసెంబరు చెన్నై: సభ మేలా, మహాబలిపురం మేలా?

ధనుర్మాసం దగ్గర పడుతోందంటే చాలు, నెల్లూరు నుంచి, విజయవాడ నుంచి చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే ప్రశ్న: "ఒక్క ఆదివారమే చేతిలో ఉంది, అమ్మా నాన్నా పిల్లలూ అందరం కలిసి వెళ్లాలి, సభలో కచేరీకి పోదామా, మహాబలిపురం డాన్స్ ఫెస్టివల్‌కి పోదామా?" సభ అంటే ఇక్కడ సంగీత కచేరీలు పెట్టే సంస్థ, దాని హాలు కూడా. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను.

మహాబలిపురం గురించి మంచిమాటే ముందు. తమిళనాడు పర్యాటక శాఖ జరిపే ఉత్సవం అది. సాయంత్రం ఆరుబయట వేదిక మీద భరతనాట్యం, కూచిపూడి, కథక్, ఒడిస్సీ లాంటివి చూడొచ్చు. పగలంతా పంచరథాలు, అర్జున తపస్సు శిల్పం, సముద్రపు ఒడ్డున గుడి ఉండనే ఉన్నాయి. పిల్లలు పరుగెత్తడానికి కావలసినంత చోటు. కానీ చెన్నై నుంచి దాదాపు 55 కిలోమీటర్లు, నాట్యం మొదలయ్యేది పొద్దు వాలాక. అప్పటికి పిల్లలు ఎండలో, ఇసుకలో ఆడి ఆడి అలిసిపోయి ఒళ్లో నిద్రపోతుంటారు. అందరూ ఒకే కారులో వచ్చారు కాబట్టి నాయనమ్మకు నడుం నొప్పి అంటే మొత్తం కుటుంబం లేవాల్సిందే. ఆ తరవాత ఆదివారం రాత్రి ఈసీఆర్ (సముద్ర తీరం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద తిరుగు ట్రాఫిక్ సంగతి చెన్నైవాళ్లకు చెప్పక్కర్లేదు.

నా మటుకు నాకు తేల్చేది ఇదే. పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లేటప్పుడు ఏది గొప్ప కార్యక్రమం అని కాదు, మధ్యలో ఎవరికి వాళ్లు విడిపోయి మళ్లీ కలుసుకోగలరా అన్నది చూడాలి. ఏడేళ్ల పిల్లాడి ఓపిక, డెబ్బై ఏళ్ల తాతయ్య ఓపిక ఒకే గడియారం ప్రకారం నడవవు.

సభలో అది కుదురుతుంది. అయితే సభ అనగానే అందరూ సాయంత్రం పెద్ద విద్వాంసుల కచేరీకే టికెట్లు వెతుకుతారు, పిల్లలతో అది వద్దంటాను. రెండు మూడు గంటలు, కిక్కిరిసిన హాలు, మధ్యలో రాగం తానం పల్లవి (ఒకే రాగాన్ని చాలాసేపు విస్తరించి పాడే భాగం), కదిలితే పక్కవాళ్లు చూసే చూపు, దానితో అమ్మకు ఒకటే టెన్షన్. దానికన్నా మధ్యాహ్నం కచేరీలు ఎంతో నయం. చాలా సభల్లో ఆ వేళ యువ కళాకారులు పాడతారు, చాలావాటికి టికెట్ ఉండదు, కుర్చీలు ఖాళీగా దొరుకుతాయి. తలుపు దగ్గర వరస చివర కూర్చోండి. పిల్లాడు నసిగితే పాట అయ్యేదాకా ఆగి, చప్పట్లు మోగుతుండగా లేచి బయటికి రండి. తాతయ్య లోపలే ఉంటారు, మీరు కాంటీన్‌లో ఉంటారు, భోజనం వేళకు అందరూ అరిటాకు ముందు కలుస్తారు. ఎవరైనా అలసిపోతే ఆటోలో ఇంటికి పంపేయొచ్చు, మిగతావాళ్ల రోజు పాడవదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను: తని ఆవర్తనానికి (పాట ఆపి మృదంగం, ఘటం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) ముందు పిల్లల్ని బయటికి తీసుకురావద్దు. పెద్దవాళ్లు చాలామంది ఆ సమయంలోనే కాఫీకి లేస్తారు గానీ, మృదంగం ఒక మాట అంటే ఘటం జవాబు చెప్పడం పిల్లలకు బాగా అర్థమవుతుంది, వేళ్లతో కుర్చీ మీద వాయించేస్తారు కూడా.

ఇంకో సంగతి ఉంది. ఇక్కడ పెరిగే మన పిల్లలకు తెలుగు ఇంట్లో మాట్లాడే భాష మాత్రమే, బడిలో, వీధిలో తమిళమే. అలాంటి పిల్లలు సభలో కూర్చుంటే, తమిళం మాతృభాషైన గాయని త్యాగరాజ కృతిని అంత ప్రేమగా పాడుతుంటే, హాలంతా తెలుగు మాటలకు తల ఊపుతుంటే, ఆ మాటల్లో కొన్ని తమకు తెలిసినవే అయితే, అది మనం ఇంట్లో ఎంత చెప్పినా రాని అనుభవం.

ఏ సభకు వెళ్లాలంటారా, మ్యూజిక్ అకాడమీ 1928లో మొదలైన సంస్థ, అక్కడి కచేరీల సీజన్ డిసెంబరు మధ్య నుంచి జనవరి 1 దాకా. టి.టి.కె. రోడ్డు మీద అకాడమీ, నారద గాన సభ రెండూ ఉన్నాయి కాబట్టి ఒకచోట నచ్చకపోతే రెండోదానికి వెళ్లడం తేలిక. అక్కణ్ణుంచి మైలాపూరు కూడా దగ్గరే, కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసేస్తారు కనక నాలుగు దాటాక వెళ్లండి.

నాట్యమే చూడాలంటే తిరువాన్మియూరులో కళాక్షేత్ర ఉంది, రుక్మిణీదేవి అరుండేల్ 1936లో స్థాపించిన సంస్థ, ఊళ్లోనే కాబట్టి మహాబలిపురమంత దూరం కాదు, చిన్నపిల్లల్ని రానిస్తారా అన్నది మాత్రం ముందే కనుక్కోండి. సంక్రాంతికి వచ్చేవాళ్లకైతే జనవరి మొదట్లో మైలాపూరు ఫెస్టివల్, పండగ రోజుల్లో చెన్నై సంగమం ఉంటాయి, వీధి సందడి ఇష్టమైతే వెళ్లొచ్చు.

పెద్దవాళ్లు లేకుండా, పిల్లలు పన్నెండు దాటినవాళ్లయితే మహాబలిపురమే వెళ్లండి, రాత్రికి అక్కడే ఉండిపోతే ఇంకా బావుంటుంది. మిగతా అందరికీ నా ఓటు మధ్యాహ్నం సభకే. కార్యక్రమాల వివరాలు ఆ రోజు పేపర్లో చూసుకోండి, హాల్లో ఏసీ చలి ఎక్కువ కాబట్టి అత్తయ్యకు శాలువా పెట్టుకోండి, కాంటీన్‌లో ఆకు దొరకాలంటే పన్నెండున్నరకల్లా అక్కడ ఉండండి.