కడుపు చారలకు ఏది మేలు: కొబ్బరి నూనెనా, కోకో బటరా, ఖరీదైన సీసానా?

సీమంతానికి వచ్చినవాళ్లు గాజులతో పాటు సలహాలూ తెస్తారు. "రోజూ నువ్వుల నూనె పట్టించమ్మా, పొట్ట మీద ఒక్క గీత పడితే నన్నడుగు" అంది మా పెద్దమ్మ. అమెరికా నుంచి వచ్చిన ఆడపడుచు కోకో బటర్ ట్యూబు చేతిలో పెట్టింది. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి బయో ఆయిల్ అనే ఖరీదైన సీసా తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దంది. మూడూ బాత్రూం అరలోకి చేరాయి. ఏడో నెల చివర్లో ఆ మూడింటినీ లెక్కచేయకుండా బొడ్డు కింద ఎర్రటి గీతలు వచ్చేశాయి.

చారలు పడేది చర్మం పైపొరలో కాదు. దాని కింది పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులుంటాయి. గర్భంలో మారే హార్మోన్లు వాటి పట్టు సడలిస్తాయి, పెరిగే పొట్ట వాటిని సాగదీస్తుంది. తెగినచోట చార. మనం రాసే నూనె చాలావరకు పైపొర దగ్గరే ఆగిపోతుంది. సగానికి పైగా గర్భిణులకు ఇవి వస్తాయి. అమ్మకు ఉన్నా, చిన్న వయసులో గర్భం వచ్చినా, బరువు గబగబా పెరిగినా, బిడ్డ పెద్దదైనా వచ్చే అవకాశం ఎక్కువ. మా అమ్మ పొట్ట చూసి ఉంటే నాకు ఆ సీసా ఖర్చు మిగిలేదేమో.

ముందు కోకో బటర్ సంగతి. దీనిమీద పరీక్షలు బాగానే జరిగాయి. లెబనాన్‌లో ఒకటి, జమైకాలో ఒకటి. కొందరికి అసలు క్రీము, కొందరికి అలాగే కనిపించే ఉత్త క్రీము ఇచ్చి చూశారు. చారలు రావడంలో తేడా కనిపించలేదు. ఆలివ్ నూనెనూ ఇరాన్‌లో పరీక్షించారు, దానిదీ అదే కథ. వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2012 సమీక్ష 6 పరీక్షలను, 800 మంది స్త్రీల వివరాలను కలిపి చూసి, పైపూతలు చారలను ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది.

బాదం నూనె దగ్గరే కాస్త ఆగాలనిపిస్తుంది. టర్కీలో తొలిచూలు గర్భిణులను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు చేదు బాదం నూనెతో 15 నిమిషాల మర్దన, ఇంకో జట్టుకు మర్దన లేకుండా అదే నూనె, మూడోవాళ్లకు ఏమీ లేదు. మర్దన జట్టులో 20 శాతం మందికి చారలు వచ్చాయి. ఉత్తగా నూనె రాసుకున్నవాళ్లలో 38.8 శాతం, ఏమీ రాయనివాళ్లలో 41.2 శాతం. చిన్న అధ్యయనం, దీన్నే పట్టుకుని ప్రమాణం చేయలేం. కానీ మేలంటూ జరిగితే అది సీసాది కాదు, చేతిదేమో అనిపించట్లేదూ? ఆ లెక్కన ఏ నూనె అన్నది పెద్ద ప్రశ్న కాదు, రోజూ ఎవరికి ఎంత తీరిక ఉందన్నదే ప్రశ్న. మర్దనంటే వంటింట్లో పిండి పిసికినట్టు కాదు, అరచేత్తో మెల్లగా. ఇంకో మాట, జుట్టు కోసమని అమ్మే బాదం నూనె సీసాలు వెనక్కి తిప్పి చదవండి. చాలావాటిలో బాదం కంటే మినరల్ ఆయిలే ముందుంటుంది.

చారల సంగతి పక్కనపెట్టి దురద గురించి అడగండి, అప్పుడు పోలికకు అర్థం ఉంటుంది. సాగే చర్మం ఎండిపోయి దురద పెడుతుంది, ఆ బాధకు ఇవన్నీ పనిచేస్తాయి. నాకైతే కొబ్బరి నూనె. చవక, ఇంట్లో ఉండేది, ఆ వాసనకు వేవిళ్లు రాలేదు. చలికాలం గడ్డకడుతుంది, సీసాను వేడినీళ్ల గిన్నెలో పెడితే చాలు. నువ్వుల నూనె బరువు, నైటీకి మరక వదలదు. ఆవనూనె కొందరి చర్మాన్ని మండిస్తుంది కాబట్టి వద్దు. మే నెల ఎండల్లో మాత్రం నూనె కంటే వాసన లేని తేలిక లోషనే మేలు. పొట్ట కింది మడతలో నూనె, చెమట కలిస్తే పొక్కులు లేస్తాయి. ఏదైనా గోరువెచ్చని స్నానం కాగానే, ఒళ్లు తడిగా ఉండగా రాయండి. నలుగుపిండి గట్టిగా రుద్దితే పొడి చర్మం ఇంకా మండుతుంది.

ఖరీదైన సీసా మంచి మాయిశ్చరైజరే, కాదనను. ఇంట్లో ఉన్న నూనెకు ఎన్నో రెట్ల ధర పెట్టాల్సినంత తేడా నాకు కనబడలేదు. వీటికన్నా బరువు మీద కన్నేయడం నయం. "ఇద్దరికి సరిపడా తిను" అన్నవాళ్ల మాటకు తలూపి ఊరుకోండి. మామూలు బరువుతో గర్భం మొదలైతే 10, 12 కిలోలు పెరిగితే చాలని మన డాక్టర్లు ఎక్కువగా చెబుతుంటారు. తగ్గాలని కడుపు మాడ్చుకోవడం మాత్రం కూడదు.

అసలు ముట్టుకోకూడనివీ ఉన్నాయి. విటమిన్ ఎ రకాలైన రెటినాల్, ట్రెటినాయిన్ ఉన్న క్రీములు గర్భంలో వద్దు, మచ్చలు తెల్లబరిచే హైడ్రోక్వినోన్ కూడా. దురద అనగానే మందుల షాపువాడు ఇచ్చే స్టెరాయిడ్ క్రీము ఇంకా విచిత్రం. ఘాటైనది ఎక్కువకాలం రాస్తే చర్మం పలచబడి అదే చారలు తెస్తుంది! దద్దురు లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు విపరీతంగా దురద పెడితే ఏ నూనె జోలికీ పోకండి. కాలేయం నుంచి పిత్తం సరిగా పారకపోవడం కావచ్చు, బిడ్డకు ప్రమాదం. వెంటనే డాక్టరు దగ్గరికెళ్లి రక్తపరీక్ష చేయించాలి.

వచ్చిన చారలు కాన్పు తర్వాత నెలలు గడిచేకొద్దీ ఎరుపు తగ్గి వెండిరంగుకు తిరుగుతాయి. అంతగా బాధపెడితే, పాలు మాన్పించాక చర్మ వైద్యులను అడగొచ్చు. లేజరైనా, ట్రెటినాయిన్ అయినా ఎర్రగా ఉన్నప్పుడే కాస్త పనిచేస్తాయి. రెండో కాన్పుకు నేను కొబ్బరి నూనెతోనే సరిపెట్టుకున్నాను. కొత్త గీతలు పెద్దగా రాలేదు, కానీ చర్మం ఒకసారి సాగి ఉంది కదా, ఆ ఘనత నూనెకివ్వలేను. మిగిలిన కోకో బటర్ మా అత్తగారి కాలి పగుళ్లకు బ్రహ్మాండంగా పనికొచ్చింది.