ఏ నూనెతో చేశారు? బయోడీజిల్‌తో మూడేళ్ళు, లక్షా అరవై వేల కిలోమీటర్లు

మా పది టైర్ల లారీకి మూడేళ్ళ నుంచి డీజిల్లో బయోడీజిల్, అంటే వంటనూనెల్లాంటి వాటితో తయారుచేసే ఇంధనం, కలిపి తోలుతున్నాను. 2014 మోడల్, బీఎస్-3 (పాత పొగ నిబంధనల బండి), ఇంజనుకి డీజిల్ కొట్టే పంపు కూడా పాత పద్ధతిదే. ఓనర్నీ నేనే, డ్రైవర్నీ నేనే. రావులపాలెం మార్కెట్లో కర్పూర అరటి గెలలు ఎత్తుకుని సాలూరు ఘాట్ మీదుగా ఒడిశాలోని కోరాపుట్, జయపురం వెళ్తాను. కాయ లేని రోజుల్లో కొబ్బరి.

ముందు నచ్చిన సంగతి చెప్తాను. నాలుగో ట్యాంకు నుంచి ఇంజను చప్పుడు మారింది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే తలకి కొట్టే ఆ టకటక మెత్తబడింది. అంతకుముందు ఘాట్‌లో సెకండ్ గేర్లో ఎక్కుతుంటే కేబిన్లోకి పొగ కొట్టి కళ్ళు మండేవి. ఇప్పుడు ఆ మంట లేదు. సైలెన్సర్ దగ్గర నిలబడితే బజ్జీల బాండీ వాసన వస్తుంది. బయోడీజిల్లో బరువులో పదోవంతుకి పైగా ఆక్సిజనే ఉంటుంది, అందుకే మసి తక్కువ. పాతికేళ్ళు డీజిల్ పొగ మింగినవాడికి ఇది చిన్న విషయం కాదండి.

పంపు సంగతీ అంతే. 2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో వచ్చే డీజిల్లో గంధకం 10 పీపీఎంకి, అంటే పది లక్షల్లో పది వంతులకి దిగింది. గంధకం తీసేటప్పుడు పంపు అరగకుండా కాపాడే, డీజిల్‌కి సహజంగా ఉండే జిడ్డు కూడా పోతుంది. ఆ లోటు తీర్చడానికి కంపెనీలు మందు కలుపుతాయి. బయోడీజిల్ కొద్దిగా కలిపినా ఆ జిడ్డు తిరిగొస్తుంది. కిందటేడు పంపు విప్పినప్పుడు మేస్త్రి లోపల ఆడే కడ్డీని, ప్లంజర్ని, వెలుతురుకి తిప్పి చూసి, గీత లేదు, మళ్ళీ బిగించేద్దాం అన్నాడు.

ఇక నా కోపం సంగతి.

రెండో ఏడాది జనవరి. 20 శాతం కలపడం అలవాటైపోయింది. లీటరుకి పది రూపాయలు తక్కువ కదా అని ఆ ట్రిప్పుకి సగానికి సగం కొట్టించాను. ఘాట్ ఎక్కేసరికి మంచు దిగి, ముందున్న బండి లైట్లు కూడా కనబడలేదు. పొట్టంగి దగ్గర రోడ్డు పక్కకి తీసి, గెలల మీద గడ్డి సర్ది, పట్టా బిగించి పడుకున్నాం. అప్పటికి రాత్రి పదకొండు. ఫోన్లో ఆరు డిగ్రీలు చూపిస్తోంది. అరటికాయ 13 డిగ్రీల కిందికి పోతే తొక్క నల్లబడుతుందని ఆ భయమే నాకు. ట్యాంకులో ఉన్నదానికీ దాదాపు అదే గండమని తెలీదు.

నాలుగున్నరకి సెల్ఫ్ కొడితే టక్కున అందుకుంది. రెండు నిమిషాలు ఆడి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను, ఊపిరాడనట్టు దగ్గి ఊరుకుంది. ఎయిర్ పట్టిందేమో అని చేతి పంపు నొక్కితే రాయిలా ఉంది, దిగదు. మా కుర్రాడు టార్చి పెట్టి ఫిల్టర్ విప్పాడు. "బాబాయ్, ఇందులో నెయ్యి పోశారా ఏంటి?" అన్నాడు.

నిజంగా నెయ్యిలాగే ఉంది. ఫిల్టర్ కాగితం మడతల్లో లేత పసుపు ముద్ద, పూస పూసగా. వాడు వేలితో తీసి బొటనవేలితో రుద్దితే ఆ వేడికే కరిగి మణికట్టు దాకా కారింది. నా చేతిలో వేసుకుని చూశాను. మట్టి లేదు, నీళ్ళు లేవు. మంచి నూనె, గడ్డకట్టిందంతే. మొదట స్టార్ట్ అయింది ఫిల్టర్ దాటి లైన్లో మిగిలిన దానితో, అది అయిపోగానే ఆగిపోయింది.

టీ కొట్టు తెరిచేదాకా ఆగి, రెండు బిందెలు వేడినీళ్ళు కాయించుకుని, ఫిల్టర్‌కీ పైపులకీ గోనెసంచి చుట్టి పోశాం. స్టార్ట్ అయింది, కిలోమీటరు పోయి మళ్ళీ ఆగింది. ఈసారి ట్యాంకు లోపల జాలీ పూడుకుపోయింది. కుర్రాణ్ణి బస్సెక్కించి సెమిలిగూడ పంపితే రెండు కొత్త ఫిల్టర్లు, రెండు క్యాన్ల డీజిలు తెచ్చాడు. పదిన్నరకి ఎండ ట్యాంకు మీదికొచ్చాక, ఆ డీజిల్ పోసి కలిపాక, అప్పుడు కదిలాం. జయపురం చేరేసరికి మధ్యాహ్నం మూడు. పొద్దుటి మార్కెట్ ఎప్పుడో అయిపోయింది. పై వరస గెలలు నల్లబడ్డాయని షావుకారు కిరాయిలో మూడు వేలు కోశాడు. ఆయన తప్పు లేదు.

డబ్బు పోయినందుకు కాదు నా కోపం. నాకు అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "బయోడీజిల్ అంటే బయోడీజిలేనండీ, మీ ఫిల్టర్ పాతదేమో చూసుకోండి" అన్నారు. మూడోసారి గట్టిగా అడిగితే గానీ పామ్ స్టీరిన్‌తో చేసిన సరుకని చెప్పలేదు. పామాయిల్‌ని వడగట్టి పల్చటి భాగం వంటకి తీశాక మిగిలే గట్టి భాగం అది. సబ్బులకి వాడతారు, బయోడీజిల్‌కీ వాడతారు. చలికాలంలో రేషన్ పామాయిల్ ప్యాకెట్టు గడ్డకట్టి, పొయ్యి పక్కన పెట్టి కరిగించుకోవడం మన ఇళ్ళలో అందరికీ తెలుసు. నూనె మారి బయోడీజిల్ అయినంత మాత్రాన ఆ గుణం ఎక్కడికీ పోదు. శుద్ధమైన పామాయిల్ బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గరే మసకబడుతుంది, స్టీరిన్ది అయితే ఇంకా ముందే. సోయాది సున్నా దాకా తట్టుకుంటుంది. రెంటినీ ఒకే పేరుతో, ఒకే రేటుకి, ఒకేలాంటి డ్రమ్ములో అమ్ముతున్నారు. కాకినాడ రేవులో దిగే పామాయిల్ మన చుట్టుపక్కలే ఇంత ఉన్నప్పుడు, ఏ నూనెతో చేశారో డ్రమ్ము మీద ఒక్క ముక్క రాయడానికి ఏం కష్టం? హోటళ్ళలో వాడేసిన నూనెతో చేశామంటే అది వేరే సరుకు అనుకునేవాణ్ణి. మన హోటళ్ళలో చాలావరకు మరిగేది పామాయిలే కదా, అదీ అంతే.

అప్పటి నుంచి సీసా పరీక్ష చేస్తున్నాను. మూడు చిన్న గాజు సీసాలు: ఒకదాంట్లో ఉత్త బయోడీజిల్, ఒకదాంట్లో సగం, ఒకదాంట్లో ఐదో వంతు. మూత గట్టిగా బిగించి, కవరులో చుట్టి, తిండి లేని అరలో ఫ్రిజ్‌లో ఒక రాత్రి. నాకు కష్టం తెచ్చిన సరుకు ఉత్తది నెయ్యిలా బిగిసింది, సగం కలిపిన సీసా అడుగున రవ్వ దిగింది, ఐదో వంతుది కాస్త మసకబడి ఊరుకుంది. ఆ రవ్వే మా ఫిల్టర్లో దొరికింది.

పైన పొగ తగ్గిందన్నాను. సరిగ్గా అదే నెలలో ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ కూడా బాగు చేయించాను, కాబట్టి మెప్పంతా బయోడీజిల్‌కే ఇవ్వలేను. మైలేజీ అయితే తగ్గింది. ఉత్త డీజిల్‌కి లీటరుకి 4.3 కిలోమీటర్లు వచ్చే బండి సగానికి సగంలో 4.1 దాటలేదు. లీటరు బయోడీజిల్లో ఉండే శక్తే ఎనిమిది శాతం దాకా తక్కువ. నేను లెక్క వేసినప్పుడు మన దగ్గర డీజిల్ 97 దాటి ఉంది, అందులో ఎనిమిది శాతమంటే ఏడెనిమిది రూపాయలు. అప్పటికి నాకు తగ్గించి ఇస్తున్నది ఆరే. లెక్క వేసుకుంటే మిగిలేదేమీ లేదు, కాస్త చేతి నుంచే పడుతుంది. పది తగ్గించినప్పుడైనా మిగిలింది లీటరుకి రెండు మూడు రూపాయలే. ఈ లెక్క మొదటి ఏడాదే వేసుకుని ఉంటే సగానికి సగం పోయించేవాణ్ణే కాదు.

పాత ట్యాంకు అయితే మొదటి రెండు నెలలు ఫిల్టర్లు దగ్గర పెట్టుకోండి. అడుగున పేరుకున్న మడ్డినంతా కరిగించి తెస్తుంది, నేను మూడు మార్చాను. రిటర్న్ రబ్బరు పైపు ఉబ్బి బంకలా అయింది, నూనెకి ఉబ్బని వైటాన్ రబ్బరు పైపు వేశాక బాధ లేదు. బండి నెల పైన నిలబెట్టేట్టయితే ట్యాంకులో ఇది ఉంచకండి, నీటిని పీల్చుకుంటుంది. ఒకసారి నలభై రోజులు నిలబెడితే ఫిల్టర్ గిన్నె అడుగున నల్లటి జిగురు కట్టింది.

తమ్ముడిది 2021 బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండి. దానికి నేనే వద్దన్నాను. అందులో పొగ ఫిల్టర్ని కాల్చి శుభ్రం చేయడానికి సిలిండర్లోకే అదనంగా డీజిల్ కొట్టే ఏర్పాటుంటే, బయోడీజిల్ త్వరగా ఆవిరి కాదు కాబట్టి గోడల మీంచి జారి ఇంజనాయిల్లో కలుస్తుంది. ఆయిల్ పల్చనైతే ఆ ఇంజను ఖర్చు మేం తట్టుకోలేం, పైగా ఇంకా కిస్తీలున్నాయి. సరుకు మీదా నమ్మకం లేదు. 2019లో కేంద్రం డీజిల్లో కలుపుకోవడానికి బయోడీజిల్ అమ్మనిచ్చాక, ఆ పేరుతో ఏదేదో ఆయిల్ అమ్మి పట్టుబడినవాళ్ళ వార్తలూ చదివాం కదా.

నేను మాత్రం మానలేదు. మార్చి నుంచి అక్టోబరు దాకా 20 శాతం, అంతకు మించి చుక్క పోయను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఘాట్ ఎక్కే ట్రిప్పులకి ఉత్త డీజిలే. కింద మైదానంలో, మద్రాసు వైపో బెజవాడ వైపో తిరిగేవాళ్ళకి ఈ చలి గొడవ రాకపోవచ్చు. నాది కిస్తీలు తీరిపోయిన పాత బండి, ఇరవై ఏళ్ళుగా తెలిసిన రూటు, తెలిసిన పంపు మేస్త్రి. ఇవి లేనివాళ్ళకి ఇదే సలహా ఇవ్వగలనా అంటే, చెప్పలేను.

అమ్మినాయన మొన్న ఫోన్ చేశారు, కొత్త సరుకొచ్చిందని. ఏ నూనె అని అడిగితే కనుక్కుని చెప్తానన్నారు. ఇంకా చెప్పలేదు. నేనే వెళ్ళి అర లీటరు నమూనా తెచ్చుకున్నాను. మూడు సీసాలూ ఈ రాత్రికి ఫ్రిజ్‌లో ఉన్నాయి.