గని గాలి కొలవడానికి ఏది మేలు: గోడ మీద సెన్సరా, ఒంటి మీద డిటెక్టరా?

బొగ్గు గనుల్లో ఉన్నంత మీథేన్ భయం లోహ గనుల్లో ఉండదు. ఆ ధీమాతోనే చాలాచోట్ల గాలి కొలిచే పని వెనకబడుతుంది. 1972 మే 2న అమెరికాలోని ఐడహోలో సన్‌షైన్ వెండి గనిలో మంటలు రేగి 91 మంది పోయారు. వాళ్లను బలిగొన్నది ప్రధానంగా పొగలోని కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పరికరం చెబితే తప్ప మనిషికి తెలియదు. మరి ఆ పరికరం ఎక్కడుండాలి?

గోడకు బిగించిన సెన్సర్ రాత్రీ పగలూ కొలుస్తూనే ఉంటుంది. పైన కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లకు అంకెలు కనబడతాయి, ఫ్యాను మొరాయించినా జాడ తెలుస్తుంది. దీని అసలు విలువ బ్లాస్టింగ్ తర్వాత. గాలి బయటికి వెళ్లే దారిలో సెన్సర్ ఉంటే, పొగ ఎప్పుడు పలచబడిందో మనిషిని లోపలికి పంపకుండానే తెలుస్తుంది. ఒంటి మీది డిటెక్టర్‌తో ఆ సంగతి తెలియాలంటే ముందు ఎవరో ఒకరు ఆ పొగలోకి నడవాలి.

కానీ గోడ సెన్సర్ తాను వేలాడుతున్న చోటు గురించే చెబుతుంది. ప్రతి బ్లాస్టుకీ ఫేస్, అంటే రాయి పేల్చి తవ్వే సొరంగం కొన, ముందుకు జరుగుతుంది. రాళ్లు ఎగిరిపడతాయి గనుక సెన్సర్‌ను అక్కడికి దగ్గరగా పెట్టలేరు. పైగా పేలిన రాళ్ల గుట్టలో కొంత వాయువు ఇరుక్కుని ఉంటుంది. లోడర్ బకెట్ గుట్టలోకి దిగి రాయిని కదిపినప్పుడు అది డ్రైవరు ముఖం ముందే బయటపడుతుంది. దూరంలో ఉన్న సెన్సర్‌కు చేరేసరికి అదే వాయువు మిగతా గాలిలో కలిసి పలచబడిపోతుంది. అక్కడ అంకె బాగానే ఉంటుంది, ఇక్కడ మనిషికి తల తిరుగుతుంది.

అందుకే ఛాతీ మీద తగిలించుకునే డిటెక్టర్ వైపే నేను మొగ్గుతాను. అది మనిషి పీల్చే గాలినే కొలుస్తుంది. పేలుడు పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. పీల్చినప్పుడు కాస్త దగ్గొచ్చి తగ్గిపోవచ్చు. షిఫ్టు దిగి ఇంటికి వెళ్లిన కొన్ని గంటలకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. డ్రిల్లింగ్ మోతలో అలారం వినబడదు, కాబట్టి ఒంటికి తెలిసేలా అదిరే పరికరమే కొనాలి.

దీనికీ లోపాలున్నాయి. రసాయన సెన్సర్లు మామూలుగా రెండు మూడేళ్లకు అరిగిపోతాయి. ప్రతి షిఫ్టుకు ముందు తెలిసిన గాఢత ఉన్న వాయువు పట్టి పరీక్షించాలి. బ్యాటరీలు ఛార్జ్ చేసేచోట వెలువడే హైడ్రోజన్‌ను కొన్ని సెన్సర్లు కార్బన్ మోనాక్సైడ్‌గా చూపిస్తాయి. వీటన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి. అలారం మోగి పని ఆపితే కూలి కోస్తారన్న భయం ఉంటే, డిటెక్టర్ మీద గుడ్డ కప్పేస్తారు. ఆ కోత లేదని యాజమాన్యం ముందే రాసివ్వాలి.

ధూళి విషయంలో ఈ రెండూ పనికిరావు. రాతి ధూళిలో ఉండి ఊపిరితిత్తులను పాడుచేసే సిలికా కోసం నడుముకు చిన్న పంపు, కాలర్ దగ్గర ఫిల్టర్ పెట్టి షిఫ్టంతా గాలి లాగి ల్యాబ్‌కు పంపాల్సిందే. పనిచోట ఆరోగ్యం, భద్రతపై పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సూచించిన పరిమితి ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు. ధూళిని అక్కడికక్కడే చూపే మీటర్లున్నాయి గానీ అందులో సిలికా ఎంతో అవి చెప్పలేవు, నీటి తుంపరను కూడా ధూళిగానే లెక్కేస్తాయి. డీజిల్ పొగ మసికీ ఫిల్టరే దారి. ఆ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఇక వేడి: గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు గనుక తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే థర్మామీటర్ బల్బుకు తడి గుడ్డ చుట్టి కొలిచేది, చూడాలి.

డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు లోపలికి దిగే ప్రతి మనిషికీ డిటెక్టర్ కొనాలి, పరీక్ష వాయువు సిలిండర్లు కూడా అదే ఆర్డర్‌లో చేర్చాలి. తర్వాతి విడతలో గాలి బయటికి వెళ్లే దారుల్లో సెన్సర్లు బిగించాలి. ఫిల్టర్ పరీక్షలు మాత్రం ఈ వరుస కోసం ఆగకూడదు, మొదటి నెల నుంచే జరగాలి.