రెండో కిట్‌గా కొనాల్సిన విమానం: 1/72 హరికేన్

పాతకాలం ప్రొపెల్లర్ ఫైటర్ల ప్లాస్టిక్ మోడల్ కిట్లు కొనేవాళ్లు చాలామంది మొదట స్పిట్‌ఫైర్ పెట్టెనే అందుకుంటారు. నేనూ అంతే. ఇన్నేళ్లలో మళ్లీ మళ్లీ కొన్నది మాత్రం హాకర్ హరికేన్. రెండూ రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన బ్రిటిష్ ఫైటర్లే. 1/72 స్కేల్‌లో, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజులో, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 17 సెంటీమీటర్లు కూడా ఉండదు కాబట్టి ఇంట్లో చోటు గురించి గొడవ రాదు. విశాఖ ఉక్కపోతలో కూర్చుని వేర్వేరు కంపెనీల హరికేన్లు కట్టిన అనుభవంతో ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నా, దీన్ని మొదటి కిట్‌గా కొనకండి. స్పిట్‌ఫైర్ ఒళ్లంతా దాదాపు లోహపు రేకే. 1935 నవంబరులో మొదటిసారి ఎగిరిన హరికేన్ అలా కాదు. డిజైనర్ సిడ్నీ కామ్ దాన్ని అంతకుముందు బైప్లేన్లు (ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలుండే విమానాలు) కట్టిన పద్ధతికి దగ్గరగానే కట్టాడు. ముందు భాగానికి రేకు, కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా పట్టీల మీద బిగించిన గుడ్డ. ఆ పట్టీలు గుడ్డ కింద నుంచి తేలిన గీతలు మోడల్ మీద కూడా ఉంటాయి. అందం అంతా అక్కడే, తలనొప్పీ అక్కడే. బాడీ రెండు సగాలూ అతికించాక వీపు పొడవునా సీమ్, అంటే అతుకు గీత, వస్తుంది. మామూలుగా సాండింగ్ చేస్తే సీమ్‌తో పాటు గీతలూ పోతాయి. వదిలేస్తే రంగు వేశాక సీమ్ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

నాకు కుదిరిన పద్ధతి ఇది. సిమెంట్ (ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే మోడల్ జిగురు) పెట్టి గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని పూసలా పైకి వస్తుంది. ఒక రోజంతా అలాగే వదిలేయాలి. తర్వాత సీమ్‌కి అటూ ఇటూ మాస్కింగ్ టేప్ అంటించి, మధ్యలో మిగిలిన ఇరుకు చోట బ్లేడు నిలబెట్టి మెల్లగా గీకాలి. ఆఖరున 1000 గ్రిట్ సాండ్‌పేపర్ తడిపి, సీమ్ పొడవునా తప్ప అడ్డంగా రుద్దకూడదు. విసుగొచ్చే పనే కానీ ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) పడగానే ఆ విసుగు మరిచిపోతాం.

రెక్కల దగ్గర ఇంకో చిక్కుంది. హరికేన్ రెక్క మధ్య భాగం సమంగా ఉండి, బయటి భాగాలు కొంచెం పైకి లేస్తాయి. సిమెంట్ ఆరకముందే విమానం ముక్కుకి ఎదురుగా కళ్లు పెట్టి చూసుకోవాలి. అడుగు వైపు రెక్క వెనక అంచు, బాడీ కలిసే చోట దాదాపు ప్రతి పెట్టెలోనూ ఎంతో కొంత సందు ఎదురైంది. స్ప్రూ (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్కని కొవ్వొత్తి సెగ మీద వేడిచేసి లాగితే దారంలా సాగుతుంది. అది ఆ సందులో పెట్టి సిమెంట్ తాకిస్తే పుట్టీ కంటే శుభ్రంగా కూర్చుంటుంది.

డబ్బుంటే ఎయిర్ బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) కంటే ముందు మంచి కట్టర్, మంచి సిమెంట్ కొనండి. టామియా ఎక్స్‌ట్రా థిన్ నాకు ఎప్పుడూ చెయ్యివ్వలేదు. ముక్కలు రెండూ ఆనించి పట్టుకుని బ్రష్ కొన తాకిస్తే చాలు, సీమ్ వెంట అదే పాకుతుంది. వేలు సీమ్ మీద ఉంటే మాత్రం వేలిముద్ర కూడా మోడల్‌లో భాగం అయిపోతుంది. కానపీకి (కాక్‌పిట్ మీది అద్దపు మూతకి) సూపర్ గ్లూ వాడొద్దు, ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. మన ఫెవికాల్ చాలు. ఎండితే పారదర్శకంగా ఉంటుంది, ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

ఈ సైజులో రంగులు బ్రష్‌తోనే బాగా వస్తాయి. పలచగా మూడు నాలుగు పూతలు వేయాలి. మెరుపునిచ్చే గ్లాసీ వార్నిష్ స్ప్రే మాత్రం వానాకాలంలో మా ఊళ్లో తలపెట్టను. గాలిలో తేమకి తెల్లటి పొర కట్టేస్తుంది. డెకల్ షీట్లు (మోడల్ మీద అంటించే గుర్తుల స్టిక్కర్లు) కూడా జిప్ కవర్లో సిలికా జెల్‌తో దాచాల్సిందే.

నాకు హరికేన్ మీద ఇంత మోజు మన వైమానిక దళం వల్లే. 1944లో ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ నాయకత్వంలో 1వ స్క్వాడ్రన్ నడిపినవి ఇవే. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో అసలు హరికేన్ కూడా ఉంది. బర్మా యుద్ధంలో వీటి గుండ్రటి గుర్తుల్లోంచి ఎరుపు తీసేశారు, జపాన్ సూర్యబింబం అనుకుని మనవాళ్లే కాల్చేస్తారేమోనని. నేను కొన్న పెట్టెల్లో ఎక్కువగా బ్రిటిష్ గుర్తులే వచ్చాయి. మనవి కావాలంటే డెకల్స్ విడిగా కొనాలి. ఒక్కోసారి వాటి రేటు కిట్ రేటుని దాటేస్తుంది, అయినా కొంటున్నాను.

షెల్ఫ్‌లో పెట్టాక మొదట విరిగేది హరికేన్‌లో మార్క్ 2సి అనే రకం రెక్కల ముందుకు పొడుచుకొచ్చే నాలుగు 20 మి.మీ. ఫిరంగి గొట్టాలే. దుమ్ము దులిపే చేతికి అవే తగులుతాయి. ఇప్పుడు ప్లాస్టిక్‌వి ముందే కోసేసి, మెడికల్ షాపులో దొరికే 21 గేజ్ ఇంజెక్షన్ సూదిని మొన అరగదీసి అమరుస్తున్నాను. గొట్టానికి నిజమైన రంధ్రం కూడా ఉంటుంది, సూది ఖరీదు పది రూపాయల లోపే.