సిటీ ట్రక్కు ప్రమాదం కేసు చూసిన న్యాయవాద కార్యాలయం: మా అనుభవం, మా అభిప్రాయం

అమెరికాలోని టెక్సస్‌లో సిటీకి, అంటే నగర ప్రభుత్వానికి చెందిన చెత్త ట్రక్కు మా అక్క కారును వెనుక నుంచి ఢీకొన్న తరువాత, ఆమె నష్టపరిహారం కోసం మేము ఆశ్రయించిన న్యాయవాద కార్యాలయం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఎదుటి పక్షం ప్రభుత్వమైతే మామూలు ప్రమాదాల కేసులలో ఆరితేరిన అటార్నీ కూడా తడబడే అవకాశం ఉంది కనుక, వీరి పనితీరును కాస్త వివరంగానే చెప్పాలి.

మొదటి సమావేశంలో అటార్నీ గాయాల సంగతి అడగడానికి ముందే ఆ ట్రక్కు ఎవరిదో, డ్రైవరుకు జీతం ఎవరిస్తున్నారో అడిగారు. చెత్త సేకరణను ప్రైవేటు కంపెనీలకు కాంట్రాక్టుకిచ్చే నగరాలు చాలా ఉన్నాయి. బండి కాంట్రాక్టరుదైతే సాధారణంగా అది మామూలు క్లెయిమే అవుతుంది. సిటీదే అయితే, ప్రభుత్వం చట్టం ద్వారా ఒప్పుకుంటే తప్ప దానిపై దావా వేయడానికి వీల్లేదనే సావరిన్ ఇమ్యూనిటీ అడ్డు వస్తుంది. ఉద్యోగి విధి నిర్వహణలో ఉండగా మోటారు వాహనాన్ని నిర్లక్ష్యంగా నడిపి ఎవరినైనా గాయపరచినప్పుడు టెక్సస్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం ఆ అడ్డును తొలగిస్తుంది, అయితే కొన్ని షరతులు పెట్టి తొలగిస్తుంది. ఈ తేడాను మాకు అర్థమయ్యే మాటల్లో, ఓపికగా వివరించినందుకు వారికి కృతజ్ఞతలు.

నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునేది నోటీసు విషయంలో వారు చూపిన శ్రద్ధను. టెక్సస్‌లో గాయాల దావా వేయడానికి మామూలుగా 2 సంవత్సరాల గడువు ఉంటుందని చాలామందికి తెలుసు. ప్రభుత్వ సంస్థకు మాత్రం ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలల లోపు నోటీసు అందాలని, నగర చార్టరులో (నగర పాలన నియమావళిలో) అంతకంటే తక్కువ గడువు కూడా ఉండవచ్చని తెలిసినవారు తక్కువ. పోలీసు రిపోర్టు ఉంది కదా, సిటీకి తెలియకుండా ఉంటుందా అని అక్క అడిగినప్పుడు, ప్రమాదం జరిగిందని తెలిసినంత మాత్రాన సరిపోదని, గాయం సంగతి, అందులో తమ తప్పు ఉందన్న ఆరోపణ, సంబంధితులెవరన్న వివరం కూడా సంస్థకు తెలిసి ఉండాలని టెక్సస్ సుప్రీంకోర్టు 1995లోనే చెప్పిందని వారు వివరించారు. ఆ తరువాత చార్టరు తెప్పించి చూసి, సమయం, స్థలం, జరిగిన తీరు, గాయాల స్వరూపం అన్నీ చేర్చిన నోటీసును ఆలస్యం లేకుండా పంపించి, అందినట్లు సిటీ ఇచ్చిన రసీదు నకలును మాకు ఇచ్చారు.

పరిహారం విషయంలోనూ వారు ఆశలు పెంచలేదు. నగరాలపై ఇలాంటి క్లెయిముల్లో ఒక వ్యక్తికి 2,50,000 డాలర్లు, ఒక సంఘటన మొత్తానికి 5,00,000 డాలర్లు మించి రాదని, శిక్షాత్మక పరిహారం అసలే ఉండదని ముందే చెప్పారు. అదే నగరం నడిపే విద్యుత్ సంస్థ వాహనమై ఉంటే, ఆ పనిని చట్టం వ్యాపార స్వభావం గలదిగా చూస్తుంది కనుక ఈ పరిమితి వర్తించేది కాదు. దెబ్బ ఒకటే, నొప్పి ఒకటే అయినా, ఏ శాఖ బండి ఢీకొట్టిందన్న దాన్ని బట్టి పరిహారం మారిపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

లోపాలు లేకపోలేదు. ఆసుపత్రి తన బిల్లు కోసం పరిహారంపై లీన్ (అందులోంచి తన బాకీని రాబట్టుకునే హక్కు) వేయవచ్చునన్న సంగతి మేము అడిగేవరకు వారు ప్రస్తావించలేదు. పరిమితి ఉన్న కేసులో ఫీజు, ఖర్చులు, లీన్ పోగా బాధితురాలి చేతికి ఏమి మిగులుతుందన్నదే అసలు ప్రశ్న కాబట్టి, ఆ లెక్కను ఒప్పందంపై సంతకానికి ముందే కాగితం మీద చూపించి ఉండవలసింది. ప్రైవేటు కేసులకు తీసుకునే ఫీజు శాతాన్నే దీనికీ అడగడం కూడా నాకు నచ్చలేదు. ఫోన్ చేసినప్పుడు సహాయకులు మర్యాదగానే మాట్లాడేవారు, కాని సమాధానం రావడానికి ఆలస్యమయ్యేది.

అయినా వీరిని సిఫారసు చేస్తాను, అందుకు మరో కారణం కూడా ఉంది. పాఠశాల మెట్లపై జారిపడిన మా పరిచయస్తురాలు ఇదే కార్యాలయాన్ని సంప్రదించినప్పుడు, టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్టులపై (ప్రభుత్వ పాఠశాలలను నడిపే స్థానిక సంస్థలపై) టార్ట్ క్లెయిమ్స్ చట్టం కింద వాహన ప్రమాదాలకే తప్ప ఇలాంటి వాటికి దావా నిలవదని మొదటి ఫోన్‌లోనే చెప్పి, ఆమె కాలం, డబ్బు వృథా కాకుండా చూశారు. వీరి దగ్గరకు వెళ్లేవారు ట్రక్కు నంబరు, దానిపై ఉన్న సిటీ ముద్ర కనిపించే ఫోటోలు, పోలీసు రిపోర్టు, ఆసుపత్రి బిల్లులు మొదటి సమావేశానికే తీసుకువెళ్లి, లీన్ లెక్కను ఆ రోజే రాతపూర్వకంగా అడగండి.