కోవిడ్ వార్డులో డెక్సామెథసోనా, మిథైల్ ప్రెడ్నిసొలోనా?

రెండూ స్టెరాయిడ్లే. ఇచ్చే ముందు ఆక్సిజన్ సంగతి చూడాలి. 2020లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే ట్రయల్‌లో స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్ మీదున్న వాళ్లలో మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలు కనబడలేదు. వాడింది డెక్సామెథసోన్: రోజుకోసారి 6 మి.గ్రా., గరిష్ఠంగా 10 రోజులు. 2 మి.లీ.లో 8 మి.గ్రా. ఉండే వయల్ నుంచి ఒకటిన్నర మి.లీ. తీస్తే సరి. రోగి బరువుతో లెక్క లేదు, పొరపాట్లూ తక్కువే.

మిథైల్ ప్రెడ్నిసొలోన్‌లో 32 మి.గ్రా. ఆ 6 మి.గ్రా. డెక్సామెథసోన్‌కు సమానం. 2021 నాటి మన దేశ మార్గదర్శకాల్లో ఓ మోస్తరు జబ్బుకు కిలోకు 0.5–1 మి.గ్రా., రెండు విడతలుగా అని ఉండేది. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 30–60. పొడిని కలుపుకోవాలి, రోగి బరువు తెలియాలి. ప్రభావం త్వరగా దిగుతుంది కాబట్టి మోతాదు సర్దడం తేలిక. డెక్సా ఒకటిన్నర రోజు దాటినా పనిచేస్తూనే ఉంటుంది.

షుగర్ రెండింటితోనూ పెరుగుతుంది. భోజనానికి ముందూ, రెండు గంటల తర్వాతా చూడకపోతే ఏమవుతుందో 2021లో బ్లాక్ ఫంగస్ చూపించింది.

ప్రత్యేక కారణం లేకపోతే డెక్సాయే మేలు. రెండూ కలిపి ఇవ్వడం మాత్రం తగదు. ఇన్‌ఫ్లుయెంజా న్యుమోనియాకు ఈ లెక్క వర్తించదు. అక్కడ స్టెరాయిడ్ అలవాటుగా రాయకూడదు.